సోడియం కింది గడి

కొత్తగా కెమిస్ట్రీ లెక్చరర్లుగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తారు. పాస్ పర్సెంటేజీ ఎట్లా పెంచాలి, ఆవర్తన పట్టికను పిల్లల చేత ఎట్లా బట్టీ పట్టించాలి అని అడుగుతారు. మొదటిదానికి నా దగ్గర జవాబు లేదు. రెండోదానికి మాత్రం ఉంది. బట్టీ పట్టించకండి. ఆ పట్టికను చూసి భయపడటం నేర్పండి.

నవ్వుకుంటారని తెలుసు. ప్రమోషన్లు, ట్రాన్స్‌ఫర్లు, ఇన్‌స్పెక్షన్లు అందరికీ ఉన్నట్టే నాకూ ఉన్నాయి. వాటి గురించి రాయడానికి ఏమీ లేదు. వైరాలో పుట్టి, ఖమ్మంలో చదివి, ఉద్యోగమంతా భద్రాచలం చుట్టుపక్కల అడవి అంచు కాలేజీల్లో చేసినదాన్ని. భయపడుతూ చేశాను కాబట్టే రెండు చేతులతో, రెండు కళ్ళతో రిటైరయ్యాను. ఆ భయం సంగతే మీకు చెప్పాలని ఉంది.

ఒక్క గట్టోళ్ళు

దుమ్ముగూడెం వైపు ఆడపిల్లల కాలేజీలో పనిచేస్తున్నప్పుడు జ్యోతి అని ఒక కోయ అమ్మాయి ఉండేది. ముందు బెంచీలో కూర్చునేది, నోరు విప్పేది కాదు. ఒకరోజు గోడకు తగిలించిన పట్టిక ముందు నిలబడి మొదటి నిలువు వరుస చెబుతున్నాను. లిథియం, దాని కింద సోడియం, దాని కింద పొటాషియం. మూడింటి గుణమూ ఒక్కటే, తమ దగ్గరున్న చివరి ఎలక్ట్రాన్‌ను ఎవరికైనా ఇచ్చేయాలని చూస్తాయి అన్నాను.

జ్యోతి చెయ్యి ఎత్తింది. "మేడం, గట్లయితే సోడియం, పొటాషియం ఒకదాంతోటి ఒకటి కలవయా?"

"ఎందుకు అడుగుతున్నావు?"

"మా కోయోళ్ళల్ల గట్టులుంటయ్ మేడం. మూడో గట్టు, నాలుగో గట్టు అని. ఒక్క గట్టోళ్ళు అన్నదమ్ముల లెక్క. ఆళ్ళల్ల ఆళ్ళు పెండ్లి చేసుకోవద్దు. వేరే గట్టుల నుంచే తెచ్చుకోవాలె."

క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేదు. అంతకంటే బాగా ఆ పాఠం నేనెప్పుడూ చెప్పలేదు. ఇద్దరూ ఇచ్చేవాళ్ళే అయితే పుచ్చుకునేదెవరు? ఒక్క ఎలక్ట్రాన్ తక్కువైన క్లోరిన్ పట్టికలో అవతలి వైపున ఉంది. సోడియం అక్కడికి పోవాల్సిందే. ఆ రెండూ కలిస్తే మనం కూరలో వేసుకునే ఉప్పు.

"ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. ఈ గట్టులో కిందికి పోయేకొద్దీ కోపం ఎక్కువ" అన్నాను.

ఒక్కో మెట్టు దిగేకొద్దీ పరమాణువులో ఒక పొర పెరుగుతుంది. చివరి ఎలక్ట్రాన్ మధ్యలో ఉన్న కేంద్రకానికి దూరమవుతుంది, పట్టు సడలుతుంది. అందుకే లిథియం నీళ్ళలో పడితే బుసబుసమని ఊరుకుంటుంది. సోడియం నీళ్ళ మీద పరుగులు పెడుతుంది. పొటాషియం తగలగానే మండుతుంది. దాని కింద ఉన్న రుబీడియంను నా జన్మలో చూడలేదు. అయినా పొటాషియం కంటే అది మొండిదని నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఎవరు ఎక్కడ కూర్చున్నారో తెలిస్తే ఎట్లాంటివాళ్ళో తెలుస్తుంది. పట్టిక గొప్పదనం అదే. నా భయమూ అక్కడి నుంచే మొదలైంది.

పెద్ద ముక్క

మరో కాలేజీలో ఒక ప్రిన్సిపాల్ ఉండేవారు. మంచి మనిషే, కానీ వచ్చినవాళ్ళను మెప్పించాలనే యావ ఎక్కువ. పైఅధికారులు వస్తున్నారని, వాళ్ళు రాకముందే ఒకసారి సోడియం ప్రయోగం పెట్టించి చూశారు. నేను కందిగింజంత ముక్క కోశాను.

"ఇదేం కనిపిస్తుందమ్మా? వెనకాల కూర్చున్నవాళ్ళకి కూడా కనిపించాలి కదా! నిమ్మకాయంత వేయండి" అన్నారు. ఆయనది మధిర వైపు, మాట మెత్తగా ఉంటుంది.

"వేయను సార్" అన్నాను. పిల్లలందరినీ గది బయటికి పంపి, కిటికీలకు దూరంగా నిలబెట్టాను. ఆయనకు కోపం వచ్చింది. పటకారు తీసుకుని పెద్ద ముక్క తానే నీళ్ళ తొట్టిలో వేశారు.

తొట్టి పగిలిన చప్పుడు నాకు గుర్తులేదు. ఫ్యాన్ రెక్కకు అంటుకుని మండుతున్న ముక్క గుర్తుంది. గోడకున్న పటంలో గుచ్చుకున్న గాజుపెంకులు గుర్తున్నాయి. దేవుడి దయవల్ల ఎవరి కన్నూ పోలేదు. ప్రిన్సిపాల్ గారి తెల్లచొక్కా నిండా చిల్లులు పడ్డాయి. ఆయన కుర్చీలో కూలబడి, "పుస్తకంలో నీళ్ళతో చర్య జరుపుతుంది అనే కదా రాశారు" అని గొణిగారు.

రాసింది నిజమే. పట్టిక గుణం చెబుతుంది, మోతాదు చెప్పదు. మోతాదు చూసుకోవాల్సింది మనం. భయం లేనివాడికి ఆ లెక్క అందదు.

వాగు వెనక్కి తన్నిన రోజు

నా చివరి పోస్టింగు గోదావరికి దగ్గరగా, ఒక వాగు పక్కనున్న కాలేజీ. జూన్‌లో చేరాను, ఆ వానాకాలమే వరద వచ్చింది. పాత లెక్చరర్ అప్పటికే వెళ్ళిపోయాడు. స్టోరు తాళంచెవి చేతికొచ్చింది కానీ ఇంకా అన్ని అరలూ చూడలేదు.

గోదావరి నేరుగా ఊరి మీదికి రాదు. వాగుల్లోంచి వెనక్కి వస్తుంది. నది నిండినప్పుడు వాగు నీళ్ళు పోయే దారి లేక ఎదురుతన్ని పొలాల్లోకి, ఇళ్ళల్లోకి పాకుతాయి. చప్పుడుండదు. పొద్దున గేటు దగ్గర కనిపించిన నీళ్ళు మీరు టీ తాగి వచ్చేసరికి జెండా కర్ర దగ్గర ఉంటాయి.

మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చారని మైకులో చెప్పారు. చుట్టుపక్కల గూడేలవాళ్ళను తెచ్చి మా కాలేజీ పై అంతస్తులో పెట్టారు. వాళ్ళను చూసుకోవడానికి వచ్చిన ఏఎన్ఎం ఎవరనుకున్నారు? మా జ్యోతి. నర్సింగ్ చేసి ఆ మండలంలోనే ఉద్యోగం చేస్తోంది. నన్ను చూసి పరుగెత్తుకొచ్చింది. ఆనందపడే తీరిక ఇద్దరికీ లేదు. పై హాల్లో బాలింతలు, ముసలివాళ్ళు, పసిపిల్లలు. కిటికీ ఊచలకు చీర ఉయ్యాలలు కట్టారు. వాన కొట్టని హాలు అదొక్కటే కాబట్టి బాలింతలను అక్కడ ఉంచారు.

నీళ్ళు వరండా మెట్లను తాకినప్పుడు ల్యాబ్ అటెండర్ యాకూబ్ నా దగ్గరికి వచ్చాడు. బూర్గంపాడు మనిషి, ఆ కాలేజీలో నా కంటే పాతవాడు.

"మేడం, స్టోర్ల సోడియం సీస ఉంది. నీళ్ళొస్తే ఎట్ల?"

ఆ స్టోరు సరిగ్గా బాలింతల హాలు కింద ఉంది. దాన్ని ఆనుకునే మెట్లు. పై అంతస్తుకు ఉన్న మెట్లు అవొక్కటే.

పేరు లేని సీసా

స్టోరు తలుపు తీసేసరికి నేల చెమ్మగిల్లి ఉంది. సోడియం సీసా మీది అరలో, ఇసుక డబ్బాలో ఉంది. నిండా కిరోసిన్, ముక్కల మీద తెల్లటి పొర. అది మామూలే. కొంచెం ఊపిరి పీల్చుకున్నాను.

"ఇంకోటుంది మేడం" అన్నాడు యాకూబ్. అన్నిటికంటే కింది అరలో, మూలన, దుమ్ము పట్టిన డబ్బా చూపించాడు. "నేను రాకముందు సంది ఉన్నది. ఎవరూ ముట్టలే."

లోపల గాజు సీసా ఉంది. పక్కనున్న యాసిడ్ ఆవిర్లు కొన్నేళ్ళుగా దాని పేరు చీటీని తినేశాయి. కిరోసిన్ సగానికి ఇంకిపోయింది. మూత తుప్పు పట్టింది. లోపల రాళ్ళలాంటి ముద్దలు.

టార్చి వేసి, ముట్టుకోకుండా, నేల మీద మోకాళ్ళూని చూశాను. ఆ గదిలో నాకు తోడు ఆ మొదటి నిలువు వరుస ఒక్కటే. ముద్దలు కిరోసిన్ అడుగున ఉన్నాయి. లిథియం అయితే కిరోసిన్ మీద కూడా తేలుతుంది, అంత తేలిక. కాబట్టి లిథియం కాదు. సోడియమా? సోడియం మీద పట్టే పొర తెల్లగా ఉంటుంది, ఇప్పుడే చూశాను. ఈ ముద్దల మీద మందంగా పసుపుపచ్చని పొర, అంచుల్లో నారింజ రంగు.

పసుపు శుభమని పెరిగినదాన్ని. ఆ పసుపు చూసి మోకాళ్ళ మీదే వెనక్కి జరిగాను.

గాలిలోని ఆక్సిజన్‌తో కూడా ఈ గట్టు ఒక వరసలోనే నడుస్తుంది. లిథియం మామూలు ఆక్సైడ్‌తో ఆగుతుంది. సోడియం ఇంకొంచెం ఆక్సిజన్ పట్టుకుని పెరాక్సైడ్ అవుతుంది. దాని కింది గడిలోని పొటాషియం ఇంకా ఆశపోతు, సూపరాక్సైడ్ దాకా పోతుంది. ఆ సూపరాక్సైడ్ రంగే ఈ పసుపు. ఏళ్ళ తరబడి నిలవున్న పొటాషియం మీద అది పెరిగితే నీళ్ళు కూడా అక్కర్లేదు. చాకుతో గీకినా, మూత గట్టిగా తిప్పినా, కిందపడినా పేలవచ్చు.

"యాకూబ్, చెయ్యి తీయి. మెల్లగా" అన్నాను. మూత మీద అతని వేళ్ళున్నాయి.

అతను నా ముఖం చూసి వేళ్ళు తీశాడు. "ఏంది మేడం అది?"

"పొటాషియం. పాడైపోయిన పొటాషియం."

ఫైర్ స్టేషన్‌కు ఫోన్ చేశాను. అవతలి మనిషి ఓపికగా విన్నాడు. "వాగు మీద రోడ్డు మునిగింది మేడం. ఇయ్యాల మా బండి రాదు. తెరవొద్దు, ఊపొద్దు, నీళ్ళు తగలనియ్యొద్దు" అన్నాడు. ఆ మూడూ నాకూ తెలుసు. నీళ్ళు అప్పటికే గడప దాటుతున్నాయి.

ప్రిన్సిపాల్ శ్రీనివాస్ గారిని పిలిచాను. ఆయన ఎకనామిక్స్ మనిషి. గుమ్మం దగ్గరే ఆగి, "గోదాట్ల పారేస్తే పోదా మేడం?" అన్నారు.

"నీళ్ళలో పారేస్తేనే పేలుతుంది సార్. పక్కన పడవల్లో జనం తిరుగుతున్నారు."

"మరి ఇక్కడనే ఉంచితే?"

ఇక్కడ ఉంచితే సాయంత్రానికి నీళ్ళే దాన్ని అరలోంచి లేపి గోడకు కొడతాయి. మెట్లు పోతాయి. చుట్టూ వరద, పైన జనం. కదిలిస్తే ప్రమాదం, కదిలించకపోతే అంతకంటే ప్రమాదం. మీ ఉద్యోగంలో ఇట్లాంటి రోజు ఒక్కటైనా వస్తుంది. ఆ రోజు ఏ పుస్తకంలోనూ జవాబు దొరకదు. ఏది తక్కువ చెడ్డదో మీరే తేల్చుకోవాలి, కడుపులో భయం పెట్టుకునే.

పంపు షెడ్డు దాకా

కాలేజీ వెనక గుట్ట మీద పాడుబడిన పంపు షెడ్డు ఉంది. సిమెంటు గోడలు, సిమెంటు కప్పు, చుట్టూ ఎవరూ ఉండరు. అక్కడికే అనుకున్నాం.

ముందు బాలింతలను హాల్లోంచి అవతలి గదులకు పంపాలి. ఎవరికీ కంగారు పుట్టకూడదు. జ్యోతికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ పిల్ల వెంటనే పనిలో పడింది. అందరూ లేచారు. వీరమ్మ అనే ముసలమ్మ మాత్రం కదలలేదు. ఆమె కూతురు ఈమధ్యే ప్రసవించింది, మనవరాలు చీర ఉయ్యాలలో నిద్రపోతోంది.

"ఇల్లు మునిగింది, బడికి పోయినం. బడి మునిగింది, ఈడికొచ్చినం. ఇగ నేను లేవ. పిల్ల పండుకున్నది" అంది.

జ్యోతి ఆమె పక్కన గొంతుక్కూచుంది. "అవ్వా, కింది అర్రల మందు సీస ఒకటున్నది. పగిలితే పొగొస్తది. పిల్లకు మంచిది గాదు. జర లే అవ్వా."

ముసలమ్మ ఆమె కళ్ళల్లోకి చూసింది. లేచి ఉయ్యాల ముడి విప్పింది.

కింద నేనూ యాకూబూ ఒక చెక్క డ్రాయరు తీసి, అందులో పొడి ఇసుక పోశాం. సీసాను రెండు చేతులతో ఎత్తి అందులో నిలబెట్టింది నేను. మెడ దాకా ఇసుక కప్పి, పైన పాలిథిన్ కప్పి కట్టాం.

"నేనొక్కణ్ణి తీస్కపోత మేడం. మీ చేతులు వణుకుతున్నయ్" అన్నాడు యాకూబ్.

"నీవి వణకడం లేదా?"

చేతులు చూసుకున్నాడు. "అవ్, వణుకుతున్నయ్" అన్నాడు.

ఇద్దరం చెరోవైపు పట్టుకున్నాం. వరండాలో నీళ్ళు చీలమండ దాకా ఉన్నాయి, ఆవరణలోకి దిగితే మోకాళ్ళ దాకా. బురదనీళ్ళలో అడుగు కనిపించదు. వాన ముఖం మీద కొడుతోంది. "యా అల్లా, యా అల్లా" అని యాకూబ్ గొణుక్కుంటున్నాడు. నేను లోపల ఎవరెవరికి మొక్కానో చెప్పలేను.

వెనక గేటు పక్కన మురికి కాలవ ఉందని ఇద్దరికీ తెలుసు. తెలిసీ అతని కాలు అందులోకే దిగింది. డ్రాయరు అటు ఒరిగింది. ఇసుక సర్రున జారింది. నేను ముందుకు వంగి డ్రాయరును గుండెలకు అదుముకున్నాను. పాలిథిన్ తొలగి సీసా మెడ బయటికి వచ్చింది. తుప్పు పట్టిన మూత మీద వాన చుక్క పడింది. ఇంకొకటి పడింది.

యాకూబ్ నడుం దాకా నీళ్ళలో ఉండి కూడా చేతులు వదలలేదు. నేను గడ్డంతో పాలిథిన్‌ను మళ్ళీ మూత మీదికి జరిపాను. నా ముఖానికీ ఆ మూతకూ మధ్య జానెడు దూరం కూడా లేదు. కిరోసిన్ వాసన వస్తోంది. ఇప్పటికీ స్టవ్వు దగ్గర ఆ వాసన వస్తే రెండడుగులు వెనక్కి వేస్తాను.

"లేవగలవా?"

"లేస్త మేడం. మీరు కదలకుండ్రి."

అతను లేచాడు. గుట్ట ఎక్కాం. షెడ్డులో పొడిగా కనిపించిన మూలన డ్రాయరు దించి, తలుపు దగ్గరకు వేసి, వెనక్కి చూడకుండా దిగాం. తర్వాత సోడియం సీసాను ఇసుక బకెట్‌లో పెట్టి, గుట్టకు అవతలి వైపు ఖాళీగా ఉన్న వాచ్‌మన్ గది అటక మీద పెట్టి వచ్చాం. గుట్ట మీదికి ఎవరూ పోకుండా ప్రిన్సిపాల్ గారు దారికి అడ్డంగా తాడు కట్టించి, తానే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆయన మీద నాకు అప్పటి నుంచి గౌరవం. అర్థం కాని భయాన్ని కూడా నమ్మిన బాస్ నాకు ఆయనొక్కరే దొరికారు.

ఆ సాయంత్రం స్టోరులో నీళ్ళు కింది అర మునిగేదాకా వచ్చాయి.

మరుసటి మధ్యాహ్నం

మర్నాడు వాన తెరిపిచ్చింది. వరండా మీద అన్నాలు వడ్డిస్తుంటే గుట్ట మీంచి చప్పుడైంది. మెరుపు లేని పిడుగులా ఉంది. కిటికీ రెక్కలు కొట్టుకున్నాయి.

అన్నం పళ్ళేలు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. ఈ అడవి అంచున అట్లాంటి చప్పుడుకు జనం ఒక్కటే అనుకుంటారు. "మందుపాతర!" అని ఎవరో అన్నారు. పిల్లలను పట్టుకుని గోడలకు ఆనుకున్నారు. యాకూబ్ చేతిలోని గరిటె పక్కన పెట్టి నేల మీద కూర్చుండిపోయాడు. జ్యోతి నా వైపు చూసింది. నేను తల ఊపాను.

ప్రిన్సిపాల్ గారూ నేనూ దూరం నుంచి చూశాం. షెడ్డు తలుపు ఊడి పొదల్లో పడి ఉంది. ఒక గోడ నిలువునా చీలింది. లోపలి నుంచి తెల్లటి పొగ, గొంతును కోసే ఘాటు. కప్పు బీటలోంచి చుక్క కారిందో, తుప్పు పట్టిన మూత లోపలికి చెమ్మను లాగిందో నాకు తెలియదు. తెలుసుకునే మార్గం కూడా మిగల్లేదు. రోడ్డు తేలాక ఫైర్ వాళ్ళు వచ్చి, మిగిలిన సోడియంను జాగ్రత్తగా తీసుకుపోయారు. వాళ్ళలో పెద్దవాడు ఆ చీలిన గోడను చేత్తో తడిమి చూసి, "మీరు మూత తిప్పలేదు, గదే మంచిగైంది" అని ఒక్క మాట అన్నాడు.

అందుకని మీకు చెప్పేది ఇంతే. కొత్త కాలేజీలో చేరిన రోజే స్టోరు తెరవండి. కింది అర నుంచి మొదలుపెట్టండి. పడేస్తే ఎవరు జవాబు చెప్పాలని ఒక్కొక్కరూ వదిలేస్తూ పోయినవి అక్కడ పోగుపడి ఉంటాయి. మన వృత్తికి పట్టిన జబ్బు అది. పేరు లేని సీసా కనిపిస్తే చెయ్యి వెనక్కి పెట్టుకుని, ముందు పట్టికను గుర్తు చేసుకోండి. అది ఏ వరుసలోదో, ఎన్నో మెట్టు మీదిదో ఊహించండి. తేల్చుకోలేకపోతే ఉన్నవాటిలో అన్నిటికంటే చెడ్డదని అనుకోండి. తర్వాత తెలిసినవాళ్ళను పిలవండి.

ఆ మధ్యాహ్నం నేను గుట్ట దగ్గరి నుంచి తిరిగి వచ్చేసరికి వీరమ్మ మెట్ల దగ్గర నిలబడి ఉంది.

"ఏంది బిడ్డా ఆ చప్పుడు?"

"నిన్న జ్యోతి చెప్పింది చూడమ్మా, సీసా. అదే."

"గది నిన్న మా కిందనే ఉండెనా?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "అవునమ్మా. మీ ఉయ్యాల కిందే."

ఆమె గబగబా మెట్లెక్కింది. గదిలోకి పోయి ఉయ్యాలలోంచి మనవరాలిని తీసి భుజాన వేసుకుంది. పిల్ల నిద్రలోంచి లేచి ఏడ్చింది. కూతురు పాలిస్తానని చెయ్యి చాపినా ఇవ్వలేదు. నీళ్ళు తగ్గి, అందరూ ఇళ్ళకు బయలుదేరిన రోజు కూడా, బురదలో జారుతూ, ఆ పిల్లను ఎవరి చేతికీ ఇవ్వకుండా తానే ఎత్తుకుని నడిచింది.